కుక్కలున్న ఇంట్లో పచ్చిక పచ్చగా ఉండాలంటే

మా ఆడకుక్క మల్లి ఇంటికి వచ్చిన మూడో నెలలో పచ్చిక మీద మొదటి మచ్చ పడింది. అరచేతి వెడల్పున గడ్డి ఎండి గడ్డివాము రంగుకు తిరిగింది. ఆ ఎండిన ముక్క చుట్టూ మాత్రం మిగతా పచ్చిక కంటే ముదురుగా, ఒత్తుగా, రెండు వేళ్ళ ఎత్తు ఎక్కువగా గడ్డి పెరిగింది. గడ్డికి బలం చాలలేదేమోనని దాని మీద గుప్పెడు యూరియా చల్లాను. పది రోజుల్లో మచ్చ పళ్ళెమంత అయింది.

కుక్కలను పెంచేవాళ్ళలో చాలామంది ఇదే పొరపాటు చేస్తారు. అది ఎందుకు పొరపాటో తెలిస్తే మిగతా పని సగం తేలికవుతుంది కాబట్టి ముందు అదే చెబుతాను.

కుక్క తినే ఆహారంలో మాంసకృత్తులు ఎక్కువ. వాటిలో ఒంటికి పట్టగా మిగిలిన నత్రజనిని శరీరం యూరియాగా మార్చి మూత్రంలో బయటికి పంపుతుంది. సంచిలో వచ్చే యూరియా ఎరువూ, ఇదీ ఒకే పదార్థం. దానికి తోడు మూత్రంలో లవణాలూ ఉంటాయి. పలచగా పడితే గడ్డికి ఎరువు, ఒకేచోట చిక్కగా పడితే మంట. మచ్చ నడిమధ్యన లవణాలు వేళ్ళకు నీరు అందనివ్వవు, గడ్డి మాడిపోతుంది. అంచుల దగ్గరికి వచ్చేసరికి అదే మూత్రం మట్టిలో ఇంకి పలచబడి ఎరువుగా పనిచేస్తుంది, ఆకుపచ్చని వలయం గీస్తుంది. నేను చల్లిన యూరియా ఆ మంటకు మరింత తోడయింది.

మూత్రం పుల్లగా ఉంటుంది కాబట్టి గడ్డి మాడుతుందని, సున్నం చల్లితే విరుగుతుందని కొందరు చెబుతారు. సమస్య పులుపుది కాదు, చిక్కదనానిది. సున్నం దాన్ని పలచబరచదు. జిప్సం కూడా అంతే. దానికి చౌడు నేలల్లో వేరే ఉపయోగం ఉంది గానీ నత్రజనిని అది తీసివేయలేదు. వంటసోడా అయితే ఇప్పటికే ఉప్పుతో అల్లాడుతున్న గడ్డికి ఇంకాస్త ఉప్పు పెట్టినట్టే.

ఆడకుక్కల మూత్రం ఘాటైనదని, మగకుక్కల వల్ల పచ్చిక పాడవదని కూడా అంటారు. తేడా మూత్రంలో లేదు, పోసే తీరులో ఉంది. మల్లి కూర్చుని ఒకేచోట గ్లాసుడు పోస్తుంది. దాని తరువాత వచ్చిన మా మగకుక్క గుండు కాలెత్తి స్తంభానికి కాస్త, కుండీకి కాస్త, గేటుకు కాస్త చల్లుతుంది. అందుకే పచ్చిక మీద మల్లి మచ్చలు, స్తంభాల మొదళ్ళలో గుండు మచ్చలు. గుండు పిల్లగా ఉన్నప్పుడు అదీ కూర్చునే పోసేది, దాని మచ్చలూ మల్లి మచ్చల్లాగే ఉండేవి. మీ కుక్క ఎలా పోస్తుందో, ఎక్కడ పోస్తుందో, ఏ వేళకు పోస్తుందో ఒక వారం గమనించండి. నేను చిన్న నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆ వారం రోజుల రాత నాకు ఏ ఎరువూ చేయనంత మేలు చేసింది.

మచ్చ కుక్క వల్లేనా?

ప్రతి మచ్చకూ కుక్కను నిందించడం అన్యాయం. ఎండిన గడ్డిని గుప్పిట పట్టి మెల్లగా పైకి లాగండి. వేళ్ళు గట్టిగా పట్టి ఉండి, చుట్టూ ముదురాకుపచ్చ అంచు ఉంటే మూత్రమని దాదాపుగా నమ్మవచ్చు. గడ్డి చాపలా చుట్టుకుని పైకి వచ్చేస్తే కింద మట్టిని వెదకండి. తెల్లగా, ఆంగ్లాక్షరం సీ ఆకారంలో ముడుచుకుని ఉండే వేరుపురుగులు కనిపిస్తాయి. అవి పెంకుపురుగుల పిల్లలు, వేళ్ళను కొరికి తింటాయి. ఆకుల మీద మచ్చలు, తెల్లవారుజామున బూజు దారాలు కనిపిస్తే అది శిలీంధ్రం. ఈ మూడింటికీ చికిత్స వేరు వేరు. నీళ్ళు ఎక్కువ పోయడం మొదటిదానికి మందు, మూడోదానికి మేత.

నీళ్ళు, అదీ వెంటనే

నాకు ఎవరి మాట మీదా పూర్తి నమ్మకం కుదరక ఒక ఆదివారం నేనే చూశాను. మల్లి పోసిన నాలుగు చోట్ల నాలుగు పుల్లలు గుచ్చాను. మొదటి చోట వెంటనే నీళ్ళు పోశాను. రెండోచోట నాలుగు గంటల తరువాత, మూడోచోట మర్నాడు ఉదయం పోశాను. నాలుగో చోటు ముట్టుకోలేదు. వారం తరువాత మొదటి పుల్ల దగ్గర మచ్చ లేకపోగా గడ్డి కాస్త జోరుగా ఉంది. రెండోదాని దగ్గర ఆకుల కొనలు పసుపెక్కి, మళ్ళీ తేరుకున్నాయి. మూడో, నాలుగో మచ్చలకు తేడా నాకు కనిపించలేదు, రెండూ మాడిపోయాయి.

కాబట్టి మూత్రం పడిన కొద్ది గంటల్లోపే నీళ్ళు పోయాలి. ఎంత త్వరగా పోస్తే అంత మంచిది. ఎనిమిది గంటలు దాటాక ఫలితం తగ్గుతూ వస్తుంది, మర్నాటికి దాదాపు ఏమీ మిగలదు. పడిన మూత్రానికి కనీసం మూడింతల నీరు కావాలి. నేను కొలవను. 5 లీటర్ల జల్లు డబ్బాలో సగం ఒక్కో చోట పోస్తాను. పైపుతో ధారగా కొట్టకండి, అది పక్కకు పారిపోతుంది. జల్లుగా, నిదానంగా పోస్తే కిందికి దిగుతుంది. మనకు కావలసింది ఆ లవణాలు వేళ్ళను దాటి కిందికి వెళ్ళడం, నాలుగు వైపులా పలచబడడం.

రోజంతా డబ్బా పట్టుకుని కుక్క వెనక తిరగడం ఎవరికీ కుదరదు. అందుకే వారం రోజుల గమనింపు అక్కరకొస్తుంది. రాత్రంతా ఆపుకుని ఉదయం పోసేది అన్నిటికంటే చిక్కన. నేను ఆ ఒక్కదాన్ని ఎప్పుడూ వదలను. తలుపు పక్కనే నిండిన డబ్బా ఉంటుంది, మల్లి లేచిన వెంటనే దానితోపాటు నేనూ బయటికి వెళతాను. పగటిపూట వాటిలో రెండు తప్పిపోయినా పచ్చిక ఓర్చుకుంటుంది.

నీటి ఎద్దడిలో ఉన్న పచ్చిక ఆ ఓర్పు చూపలేదు. పొడి మట్టిలో లవణాలు చిక్కగానే ఉండిపోతాయి. అందుకని మామూలు తడి కూడా ముఖ్యమే. రోజూ పైపైన చిలకరించడం కంటే వారానికి ఒకటి రెండుసార్లు లోతుగా తడపండి. మొత్తం మీద వారానికి సుమారు 25 మిల్లీమీటర్ల నీరు, వాన పడితే అది తీసివేసి. పచ్చిక మీద ఖాళీ డబ్బాలు రెండు మూడు పెట్టి, నీరు పెట్టాక వాటిలో ఎంత నిలిచిందో స్కేలుతో కొలవవచ్చు. లోతుగా తడిస్తే వేళ్ళు లోతుకు దిగుతాయి. లోతైన వేళ్ళున్న గడ్డి మూత్రాన్నీ, పరుగులనూ రెండింటినీ తట్టుకుంటుంది. తడపడం ఉదయం వేళే మంచిది. రాత్రంతా ఆకులు తడిగా ఉంటే శిలీంధ్రాలు పట్టుకుంటాయి.

ఎరువు తగ్గించండి

బాగా ఎరువు వేసిన పచ్చిక నత్రజని అంచున నిలబడి ఉంటుంది. దాని మీద కుక్క పోసే కాస్త చాలు, అంచు దాటిపోతుంది. కుక్క ఎక్కువగా తిరిగే భాగానికి నేను రసాయనిక ఎరువు పూర్తిగా మానేశాను. ఏడాదికి రెండుసార్లు జల్లెడ పట్టిన బాగా చివికిన కంపోస్టును పలుచగా, అర సెంటీమీటరు మందంలో పరిచి దంతెతో సర్దుతాను. అది నత్రజనిని మెల్లగా ఇస్తుంది, మట్టిని గుల్లగా ఉంచుతుంది. కోసిన గడ్డి తునకలను కూడా అక్కడే వదిలేస్తాను.

కోత గురించి ఒకే మాట: ఒక్కసారిగా ఆకు ఎత్తులో మూడోవంతు కంటే ఎక్కువ కోయకండి. ఫెస్క్యూ లాంటి చల్లని వాతావరణపు గడ్డిని 6 నుంచి 8 సెంటీమీటర్లు ఉంచవచ్చు, గరికకు 3, 4 చాలు. గడ్డిని అసలు కోయకుండా వదిలేసి పిడుదులకు ఇల్లు కట్టిపెట్టకండి. గింజ పట్టనివ్వకండి కూడా. కొన్ని గడ్డిజాతుల ముళ్ళగింజలు కుక్క చెవుల్లోకి, వేళ్ళ సందుల్లోకి గుచ్చుకుని లోపలికి నడుస్తాయి.

పోసే చోటు నేర్పడం

శాశ్వతంగా పనిచేసేది ఇదే, ఓపిక కోరేదీ ఇదే. పచ్చిక పక్కన ఒక మూల ఎంచుకున్నాను. రెండు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల పొడవు. గడ్డి తీసేసి, జానెడు లోతు తవ్వి, అడుగున ముతక కంకర, పైన నున్నటి చిన్న గులకరాళ్ళు పోశాను. పదునైన రాళ్ళయితే పాదాలకు గుచ్చుకుంటాయి, కుక్క మళ్ళీ అటు రాదు. గుండు కోసం మధ్యలో ఒక కర్ర మొద్దు పాతాను. నిలబెట్టినది ఏదైనా ఉంటే మగకుక్క దాన్ని వదలదు, మన కుండీలకు కాస్త విరామం దొరుకుతుంది.

మొదటి వారం గొలుసు లేకుండా ఒక్కసారి కూడా వదలలేదు. లేవగానే, తినగానే, ఆట అయ్యాక, నిద్రకు ముందు అక్కడికే తీసుకెళ్ళి నిలబడేవాణ్ణి. మాట్లాడకుండా, ఫోను చూడకుండా. అది పోయడం మొదలుపెట్టినప్పుడు ఒకే మాట, రోజూ అదే మాట. ముగించిన క్షణంలోనే చిరుతిండి ముక్క. ఇంట్లోకి వచ్చాక ఇస్తే దేనికిచ్చామో దానికి తెలియదు. ఆ తరువాతే గొలుసు విప్పి పచ్చిక మీద ఆట. ఆటే పెద్ద బహుమానం. మల్లికి మూడు వారాలు పట్టింది. గుండుకు ఆరు వారాలు దాటింది, ఇప్పటికీ వాన పడినప్పుడు మర్చిపోతుంది. పొరపాటున పచ్చిక మీద పోస్తే కోప్పడకండి. కోప్పడితే అది నేర్చుకునేది మీ ఎదుట పోయకూడదని మాత్రమే. అప్పుడు మీ డబ్బా ఎక్కడ పట్టాలో మీకు తెలియకుండా పోతుంది.

ఆ మూలనూ శుభ్రంగా ఉంచాలి. రోజూ మలం తీసి, రెండు రోజులకోసారి నీటితో కడుగుతాను. వాసన మరీ ఎక్కువైతే కుక్కకు కూడా అక్కడ నిలబడబుద్ధి కాదు.

నడిచే దారితో పోట్లాడకండి

గుండు కంచె వెంట పరిగెత్తుతుంది. పక్కవీధిలో సైకిలు వెళితే ఈ మూల నుంచి ఆ మూలకు, మళ్ళీ వెనక్కి. ఆ దారిలో ఐదుసార్లు గడ్డి నాటాను, ఐదుసార్లూ పోయింది. చివరకు అది దారేనని ఒప్పుకున్నాను. అడుగున్నర వెడల్పున మట్టి తీసి, చెక్కపొట్టు పరిచి, అంచుకు ఇటుకలు పేర్చాను. కుక్కకు దాని దారి మిగిలింది, నాకు బురద పోయింది. మీ కుక్క కూడా గీసిన గీతలా ఒకే చోట నడుస్తుంటే ఆ గీతనే బాటగా మార్చండి. ఒకటే జాగ్రత్త: కోకో గింజల పొట్టు వాడకండి. చాక్లెట్‌లో కుక్కకు విషమైన థియోబ్రోమిన్ దానిలోనూ ఉంటుంది, పైగా వాసన నోరూరిస్తుంది.

మిగతా పచ్చికలోనూ కుక్క కాళ్ళ కింద నేల గట్టిపడుతుంది. స్క్రూడ్రైవరు మట్టిలో గుచ్చి చూడండి. తడిచిన నేలలో కూడా అది సులువుగా దిగకపోతే గాలి, నీరు కూడా దిగవు. గొట్టపు పళ్ళతో మట్టి కడ్డీలను బయటికి తీసే పరికరంతో 5 నుంచి 8 సెంటీమీటర్ల లోతున రంధ్రాలు చేసి, మీద కంపోస్టు పరిస్తే నేల గుల్లబారుతుంది. గడ్డి జోరుగా పెరిగే కాలంలో చేయాలి, అప్పుడే గాయం మానుతుంది. వాన వెలిసిన వెంటనే, నేల ముద్దగా ఉన్నప్పుడు కుక్కలను పచ్చిక మీద వదలకండి. ఆ ఒక్క గంటలో జరిగే నష్టం నెల రోజుల ఆటలో కూడా జరగదు.

తవ్వే కుక్క సంగతి వేరు. అది ఎందుకు తవ్వుతోందో చూడాలి. ఎండవేళ నీడలో తవ్వుతుంటే చల్లటి మట్టి కోసం. ఒకే చోట ముక్కు పెట్టి తవ్వుతుంటే కింద పురుగో ఎలుకో ఉంది. రోజంతా ఒంటరిగా ఉండి నాలుగు చోట్ల తవ్వుతుంటే దానికి తోచడం లేదు, దానికి కావలసింది నడక, మీ తోడు. మల్లికి నీడలో ఇసుక తొట్టి ఒకటి కట్టి, దాని బొమ్మలు రెండు అందులో పాతిపెట్టాను. పచ్చికలో తవ్వడం ఆగింది.

మాడిన చోటు బాగుచేయడం

ముందు రెండు మూడు రోజులు ఆ చోటును నీటితో బాగా నానబెట్టి లవణాలు కిందికి దించండి. చచ్చిన గడ్డిని దంతెతో లాగేయండి. పై మట్టి రెండు సెంటీమీటర్లు గీకి తీసి, ఆ చోట మామూలు మట్టి, కంపోస్టు సగం సగం కలిపి నింపండి. ఇక గడ్డి రకాన్ని బట్టి చేయాలి. గరిక అయితే నేల మీద పాకే తీగలతోనూ మట్టిలో సాగే కాడలతోనూ తనే అల్లుకుంటుంది. పక్కనుంచి కణుపులున్న తీగలు నాలుగు తెచ్చి నాటితే ఇంకా త్వరగా పూడుతుంది. పొడవాటి ఫెస్క్యూ, రైగ్రాస్ మూత్రాన్ని మిగతావాటి కంటే బాగా తట్టుకుంటాయి, కానీ అవి గుబుర్లుగా పెరిగేవి. ఒకసారి చచ్చిన చోట మళ్ళీ విత్తనం చల్లాల్సిందే. కెంటకీ బ్లూగ్రాస్ తొందరగా మాడుతుంది, పక్కకు పాకి మెల్లగా పూడ్చుకుంటుంది.

నాటిన చోట మూడు నాలుగు వారాలు కుక్క అడుగు పడకూడదు. నేను తీగ వలతో చేసిన గంపను బోర్లించి, నాలుగు మేకులు దిగగొడతాను.

ఇవి పచ్చికకు కాదు, కుక్కకు ప్రాణం మీదికి తెచ్చేవి

ఆముదపు పిండి మంచి సేంద్రియ ఎరువని ఒక సంచి తెచ్చాను. మర్నాడు గుండు ఆ సంచి మూల కొరుకుతూ కనిపించింది. ఆముదపు గింజలో రైసిన్ అనే విషం ఉంటుంది. సరిగా వేడి చేయని పిండిలో అది మిగిలిపోతుంది, ఆ వాసన కుక్కలను లాగుతుంది. వెంటనే పశువైద్యుల దగ్గరికి పరిగెత్తాం. లోపలికి ఎక్కువ పోలేదు కాబట్టి గుండు దక్కింది. ఆ సంచి ఆ రోజే ఇంట్లోంచి పోయింది. ఎముకల పొడి, రక్తపు పొడి కూడా కుక్కలు ఆబగా తింటాయి, కడుపులో గడ్డకట్టి ఇబ్బంది పెడతాయి. నత్తల మందులో ఉండే మెటాల్డిహైడ్ ఇంకా ఘోరం, కొద్ది గంటల్లోనే మూర్ఛలు తెస్తుంది. కుక్క ఉన్న తోటలో దానికి చోటు లేదు. గన్నేరు, సైకస్ మొక్కలను కూడా పచ్చిక అంచున పెట్టకండి, ముఖ్యంగా సైకస్ గింజలు కాలేయాన్ని దెబ్బతీస్తాయి.

కలుపు మందు తప్పనిసరిగా చల్లవలసి వస్తే పూర్తిగా ఆరే వరకు, గుళికల ఎరువు వేస్తే నీళ్ళతో కరిగి నేల మళ్ళీ ఆరే వరకు కుక్కలను లోపలే ఉంచండి. డబ్బా మీద రాసిన గడువు అంతకంటే ఎక్కువుంటే దాన్నే పాటించండి. నేనయితే కలుపును చేత్తోనే పీకుతాను. కుక్క పాదాలు నాకుతుంది, పాదాలకు అంటినదంతా దాని కడుపులోకే వెళుతుంది.

మూత్రం పలచబడుతుందని, మచ్చలు పడవని చెప్పి అమ్మే బిళ్ళలు, పొడులు ఉన్నాయి. నీళ్ళు ఎక్కువ తాగించడానికి తిండిలో ఉప్పు కలపమనేవాళ్ళూ ఉన్నారు. గడ్డి కోసం కుక్క మూత్రపిండాలతో ప్రయోగాలు వద్దు. మూత్రం స్వభావాన్ని మార్చితే రాళ్ళు ఏర్పడే ప్రమాదం కూడా ఉంది. శుభ్రమైన నీళ్ళు రెండు మూడు చోట్ల ఎప్పుడూ అందుబాటులో ఉంచండి, అది చాలు.

మలం ఎరువు కాదు. ఆవు పేడతో దాన్ని పోల్చకండి. దానిలో ఉండే ఏలికపాముల గుడ్లు మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి, కొంకిపురుగుల పిల్లలు ఉత్త పాదాల చర్మంలోంచి లోపలికి వెళతాయి. పిల్లలు ఆడుకునే పచ్చిక అయితే రోజూ తీయాలి. కూరగాయల మడికి వేసే కంపోస్టులో కలపకూడదు. కుక్కకు నులిపురుగుల మందు వేళకు వేయించడం కూడా పచ్చిక పనిలో భాగమే.

నోటుపుస్తకం ఇప్పటికీ తలుపు పక్కనే, డబ్బా పైన ఉంటుంది. మల్లికి తొమ్మిదేళ్ళు నిండిన ఏడాది ఒక వారంలో పచ్చిక మీద చిన్న చిన్న మచ్చలు ఉన్నట్టుండి పెరిగాయి. పుస్తకం తిరగేస్తే రోజుకు ఐదుసార్లు పోసేది పదకొండుసార్లు పోస్తోంది, ప్రతిసారీ కాస్త కాస్త. వైద్యుల దగ్గరికి తీసుకెళితే మూత్రాశయంలో ఇన్ఫెక్షన్ అని తేలింది. మందులు ఇచ్చారు. మల్లి మళ్ళీ గులకరాళ్ళ మూలకే వెళుతోంది, పచ్చిక మీద ఆ చిన్న మచ్చలు ఆరు వారాల్లో పూడిపోయాయి.